నేను చూడని డెవన్

డెవన్ గురించి నన్ను ఎప్పుడు అడిగినా తడుముకోకుండా చెప్పగలను. అది ఇంగ్లండుకు నైరుతి మూలన ఉన్న కౌంటీ, అంటే మన జిల్లాలాంటిది. పడమర కార్న్‌వాల్, మధ్యలో సరిహద్దుగా టేమార్ నది. తూర్పున సోమర్సెట్, డోర్సెట్. ఉత్తరాన ఒక సముద్రతీరం, దక్షిణాన ఇంకొకటి, రెండూ ఎక్కడా కలవవు. నడుమ డార్ట్‌మూర్ అనే పెద్ద బయలు, దాని మీద గ్రానైట్ గుట్టలు, వాటి మధ్య తమ ఇష్టానికి మేసే పొట్టి గుర్రాలు. నేల చాలాచోట్ల మన చెలకల్లా ఎర్రగా ఉంటుంది. కౌంటీ కౌన్సిల్ ఎక్సెటర్‌లో ఉంటుంది. దాని కింద ఎనిమిది డిస్ట్రిక్ట్ కౌన్సిళ్ళు, వాటి కింద మన పంచాయతీల్లాంటి పారిష్ కౌన్సిళ్ళు. ప్లిమత్, టోర్‌బే మాత్రం ఈ కౌంటీ కౌన్సిల్ కిందికి రావు, వాటి పాలన వాటిదే. చూడదగిన ప్రదేశాలంటే ముందు క్లోవెల్లీ చెప్పాలి. కొండ మీంచి సముద్రంలోకి జారిపోతున్నట్టుండే ఊరు, కార్లు లోపలికి రానివ్వరు.

ఇంత తెలిసిన నేను డెవన్‌లో ఒక్కసారి కూడా అడుగు పెట్టలేదు. కనీసం లండన్ విమానాశ్రయంలో కూడా దిగలేదు. మేము కెనడాకు దోహా మీదుగా వచ్చాం.

బ్రాంప్టన్‌లో ఒక బేస్‌మెంట్‌లో దిగిన ఆ మొదటి ఏడాది నేను ఉద్యోగాలకు అప్లై చేసినన్ని సార్లు దేవుడికి దండం కూడా పెట్టి ఉండను. పెళ్ళికి ముందూ తర్వాతా కలిపి హైదరాబాదులో మూడేళ్ళు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేశాను. పాప పుట్టాక నాలుగేళ్ళు ఇంట్లో ఉన్నాను. ఇక్కడ ఫోన్ చేసిన ప్రతి రిక్రూటరూ రెండే అడిగేవాడు. కెనడియన్ ఎక్స్‌పీరియన్స్ ఉందా? మధ్యలో ఈ నాలుగేళ్ళు ఏమయ్యాయి? పాపను చూసుకున్నాను అని చెబితే ఆల్ ది బెస్ట్ చెప్పి ఫోన్ పెట్టేసేవాడు. మా ఆయనకు అప్పటికే మార్కమ్‌లో ఉద్యోగం దొరికింది. ఆయన పొద్దున్నే మెడలో ఐడీ కార్డు వేసుకుని మెట్లెక్కి వెళ్ళిపోతుంటే నాకు ఏడుపు కన్నా ముందు కోపం వచ్చేది. నేనేం తక్కువ చదివానని?

మాస్టారి గురించి మా పై వాటాలో ఉండే ఆంటీ చెప్పారు. ఆయన గుంటూరులో ఇంటర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేవారట. ఇక్కడికి వచ్చాక తన గరాజ్‌లో వైట్‌బోర్డు పెట్టి, మాలాంటి వాళ్ళకు రెజ్యూమె రాసిపెట్టి, ఇంటర్వ్యూలకు కోచింగ్ ఇచ్చేవారు. మనిషి మంచివాడు. ఈ మాట ముందే చెప్పాలి, ఎందుకంటే ఇలాంటి కథల్లో తప్పంతా అలాంటివాళ్ళ మీదికి తోసేసి మనం చేతులు కడుక్కోవడం సులువు. చలికాలంలో గరాజ్‌లో హీటరు నా వైపు తిప్పి పెట్టి, తను శాలువా కప్పుకుని పాఠం చెప్పేవారు. నా నాలుగేళ్ళ ఖాళీని చూసి ఆయన తల పట్టుకోలేదు. అందులో రెండేళ్ళు హైదరాబాదు ఉద్యోగానికే కలిపారు, మిగతా రెండేళ్ళకు డెవన్‌ను తెచ్చి కూర్చోబెట్టారు. అక్కడ ఒక ఇన్సూరెన్స్ కంపెనీ, దానికి నేను ఆన్‌సైట్ టెస్టర్ని. ఆ కంపెనీ భూమ్మీద ఎక్కడా లేదు.

లండన్ ఎందుకు కాదని నేనే అడిగాను.

"లండన్ వద్దమ్మా. అది అందరూ చూసిందే. ఏ స్టేషన్లో దిగేదానివి అని అడిగితే దొరికిపోతావు," అన్నారాయన. "డెవన్ అయితే ఇక్కడ ఎవడికీ తెలీదు. తెలిసినవాడు ఎదురుపడేలోగా నీకు నిజం ఎక్స్‌పీరియన్సే పదేళ్ళు వచ్చేస్తుంది."

అప్పుడు నాలుగు పేజీల నోట్సు ఇచ్చారు. పైన డెవన్ అని పెద్ద అక్షరాలు, కింద మూడు హెడ్డింగులు: భౌగోళిక స్వరూపం, పరిపాలన, చూడదగిన ప్రదేశాలు. ముఖ్యమైన వాక్యాల పక్కన నక్షత్రం గుర్తు. ఆఖరి పేజీలో రాగల ప్రశ్నలు, వాటికి ఇంగ్లీషులో జవాబులు. చూడగానే నాకు నవ్వొచ్చింది, వెంటనే హాయిగా కూడా అనిపించింది. హాస్టల్లో ఆవర్తన పట్టిక బట్టీ పట్టిన బుర్ర నాది. వంట చేస్తూ, పాపకు జడ వేస్తూ, లాండ్రీ మడతపెడుతూ వారం రోజుల్లో డెవన్ మొత్తం అప్పజెప్పేశాను. నాకు ఆ వారంలో సిగ్గనిపించిందా అంటే, లేదు. ఇంత మంది చేస్తున్నదే కదా అనుకున్నాను. మార్కులు బాగా వస్తాయన్న ధీమా తప్ప ఇంకేమీ లేదు.

ఇంటర్వ్యూ వచ్చిన ఉద్యోగం కేంబ్రిడ్జ్‌లో, ఇంగ్లండుది కాదు, బ్రాంప్టన్‌కు గంట దూరంలో ఉన్న కేంబ్రిడ్జ్. గ్రాండ్ నది దాటాక, హైవేకి అవతల, వరసగా గోదాములుండే చోట ఒక చిన్న కంపెనీ. ఆ గోదాములకే సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళు. ఇంటర్వ్యూ చేసిన టీమ్ లీడ్ అరవైకి దగ్గరపడిన ఆవిడ. తెల్లజుట్టు పొట్టిగా కత్తిరించుకుని, చొక్కా చేతులు మోచేతుల దాకా మడుచుకుని ఉంది. నా రెజ్యూమె చూసి కళ్ళజోడు తీసేసింది. డెవన్‌లో ఎక్కడ ఉండేదానివని అడిగింది. ఎక్సెటర్ అన్నాను. తను పుట్టి పెరిగింది అక్కడికి గంట దూరంలోనేనని చెప్పింది.

మాస్టారి పదేళ్ళు పది నిమిషాలు కూడా నిలవలేదు. లేచి వెళ్ళిపోదామా అనిపించింది. కానీ ఆమె నన్ను ఇంకో ప్రశ్న అడగలేదు. తనే మాట్లాడింది. సముద్రం పక్కనే పోయే రైలు గురించి, తుపాను రోజున అలలొచ్చి దాని కిటికీల మీద పడటం గురించి, ఎర్రటి కొండచరియల గురించి, స్కోన్ అనే చిన్న రొట్టె మీద ముందు మీగడ రాసి ఆ తర్వాతే జామ్ వెయ్యాలని తెలియని కార్న్‌వాల్ వాళ్ళ గురించి ఇరవై నిమిషాలు చెప్పింది. నేను తలూపాను. మధ్యలో ఒకసారి నక్షత్రం గుర్తున్న వాక్యం ఒకటి, రెండు తీరాలూ కలవవన్నది, వదిలాను. ఆమె బల్ల మీద చేత్తో చరిచి, అదీ మాట అంది. ఆ తర్వాత ఇచ్చిన టెక్నికల్ టెస్టు నేను సొంతంగా రాశాను, బాగా రాశాను. ఈ రెండింట్లో దేనికి ఉద్యోగం ఇచ్చారో ఇప్పటికీ నాకు తెలియదు.

మేము కేంబ్రిడ్జ్‌కు ఇల్లు మారాం. ఆఫీసులో ఆమె నన్ను మా డెవన్ పిల్ల అని పరిచయం చేసేది. ఇరవై రెండేళ్ళ వయసులో ఒక కెనడా ఆయన్ని పెళ్ళాడి వచ్చేసిందట. ఇప్పుడాయన పక్షవాతంతో మంచం మీద ఉన్నాడు. ఆయన్ని వదిలి వెళ్ళలేక పదకొండేళ్ళుగా ఊరు చూడలేదు. అమ్మానాన్నలు పోయారు, ఇల్లు అమ్మేశారు, తోబుట్టువులు లేరు. మధ్యాహ్నం ఇద్దరం బ్రేక్‌రూములో కూర్చునేవాళ్ళం. నేను పప్పు అన్నం, ఆమె ఏదో సూపు. ఆమె డెవన్‌ను ఒక్కో ఊరుగా చెప్పుకుంటూ వచ్చేది. అక్కడి రోడ్ల గురించి చెప్పేటప్పుడు ఎక్కువ నవ్వేది. ఒక్క బండి పట్టేంత దారి, రెండు వైపులా మనిషి కన్నా ఎత్తయిన మట్టి గట్లు, వాటి మీద కంచెలా పెరిగిన పొదలు. ఎదురుగా ఇంకో బండి వస్తే ఎవరో ఒకరు రివర్సులో పోవాల్సిందే, కాస్త వెడల్పు చోటు దొరికేదాకా. ఎవరికి ఆ చోటు దగ్గరగా ఉంటే వాళ్ళు వెనక్కి పోతారు. దాటిపోయేవాళ్ళు చెయ్యెత్తి పలకరించాలి, ఎత్తకపోతే ఊరంతా మాట్లాడుకుంటారు. వాళ్ళ నాన్న పాల లారీ నడిపేవాడట. కూతురికి ముందుకు నడపడం కన్నా ముందు వెనక్కి నడపడం నేర్పాడని చెప్పి కళ్ళు తుడుచుకుంది.

నాకూ మొదట్లో ఆ దారుల్లో భయమేసేది అన్నాను నేను. ఎందుకన్నాను? ఆమె అడగలేదు. అంత అవసరమూ లేదు. కానీ ఎదుటి మనిషి ముఖం అలా వెలుగుతుంటే ఇంకాస్త నెయ్యి వడ్డించకుండా ఉండలేకపోయాను.

ఒకరోజు మా పాప సంగతి వచ్చింది. వయసు అడిగి లెక్క వేసుకుని, అయితే పాప నీతో ఎక్సెటర్‌లోనే ఉండేదా అంది. మాస్టారి నోట్సులో ఈ ప్రశ్న లేదు. అవునంటే అక్కడి ఆస్పత్రి, అక్కడి డేకేర్, ఏవేవో చెప్పాలి. లేదు, మా అమ్మ దగ్గర వదిలి వెళ్ళాను అన్నాను. ఆమె చెంచా కింద పెట్టేసింది. రెండేళ్ళ పిల్లను వదిలి అన్నాళ్ళు ఎలా ఉన్నావంటూ నా చెయ్యి పట్టుకుంది. నిజానికి ఆ నాలుగేళ్ళూ నేను పాపను చంక దించలేదు. దాని మొదటి పలుకు, మొదటి అడుగు, మొదటి జ్వరం అన్నీ నా కళ్ళముందే. అవి ఉద్యోగానికి పనికిరాని ఏళ్ళని ఎవరో అంటే కోపం తెచ్చుకున్న నేను, నా నోటితోనే వాటిని చెరిపేశాను. ఆమె చెయ్యి నా చేతి మీద ఉండగా నేను తల దించుకుంటే, అది దుఃఖమనుకుంది.

ఆ తర్వాతి వేసవిలో కంపెనీ పిక్నిక్‌కు పాపను తీసుకెళ్ళాను. అప్పటికి దానికి ఏడేళ్ళు. మా లీడ్ దాని ముందు మోకాళ్ళ మీద కూర్చుని, చిన్నప్పుడు అమ్మ లేకుండా ధైర్యంగా ఉన్నావట కదా అంది. పాప నా వైపు చూసింది. దేవుడి దయ, ఏమీ అనలేదు. కారెక్కాక మాత్రం వెనక సీట్లోంచి, నన్ను వదిలి ఎప్పుడు వెళ్ళావని ఇంగ్లీషులో అడిగింది. వెళ్ళలేదమ్మా, ఊరికే ఆఫీసు కోసం అలా చెప్పానన్నాను. అయితే ఆమెకు అబద్ధం చెప్పావా అంది. మాట మార్చి రేడియో పెట్టమని అడుగుతుందేమోనని ఎదురుచూశాను. అడగలేదు.

చెప్పేద్దామని రెండుసార్లు అనుకున్నాను. మొదటిసారి మా ఆయన ఉద్యోగం ఊడింది. రెండోసారి ఏ కారణమూ లేదు, భయం తప్ప. పని బాగా చేస్తున్నాను కదా, ఎవరికి నష్టం అని నాకు నేను నచ్చజెప్పుకునేదాన్ని. నాలుగేళ్ళు గడిచాయి.

ఈ ఏడాది మొదట్లో మా టీమ్‌లో ఒక ఖాళీ వచ్చింది. ఒక మధ్యాహ్నం మా లీడ్ చేతిలో ఒక రెజ్యూమెతో నా సీటు దగ్గరికి దాదాపు పరుగెత్తుకుంటూ వచ్చింది. ఇంకో డెవన్ అమ్మాయి దొరికింది, నీతో పాటే పనిచేసి ఉంటుంది, చూడు అంది. చూశాను. అదే ఇన్సూరెన్స్ కంపెనీ. అదే ప్రాజెక్టు. నా రెజ్యూమెలో ఉన్న వాక్యాలే, ఒక్క మాట తేడా లేకుండా. కింద తెలుగు పేరు. మా లీడ్ ముఖంలో పండగ. ఇంటర్వ్యూ ప్యానెల్లో నువ్వూ కూర్చోవాలి అని చెప్పి వెళ్ళింది.

మా ఆయనకు చెప్పాను. ఆయన పెద్దగా ఆలోచించలేదు. ఆ అమ్మాయికి ఫోన్ చేసి, ఇక్కడి పరిస్థితి చెప్పి, ఆ రెండేళ్ళూ తీసేసి రమ్మనో, అసలు రావద్దనో చెప్పమన్నాడు. నంబరు రెజ్యూమె మీదే ఉంది. ఇంటర్వ్యూకు నాలుగు రోజుల వ్యవధి ఉంది. రోజూ చేద్దామనుకున్నాను, చెయ్యలేదు. చేస్తే నా సంగతి ఆమెకు తెలిసిపోతుంది. ఆ ముక్క నేను మా ఆయనతో కూడా అనలేదు.

ఆ అమ్మాయికి ముప్ఫై ఏళ్ళు దాటినట్టు లేదు. రిసెప్షన్ దగ్గర మంచు బూట్లు విప్పి, సంచిలోంచి మంచి చెప్పులు తీసి వేసుకుంటోంది. నన్ను చూడగానే ముఖం విప్పారింది. నమస్తే అక్కా అంది. వరంగల్ వైపు యాస. నేను హలో అన్నాను, ఇంగ్లీషు హలో.

గదిలో ముగ్గురమే. మా లీడ్ నన్ను చూపించి, ఈమె కూడా డెవన్‌లో మీ కంపెనీలోనే పనిచేసిందని పరిచయం చేసి, మొదటి ప్రశ్నే డెవన్ గురించి అడిగింది. ఆ అమ్మాయి మొదలుపెట్టింది. రెండు తీరాలు, కలవవు. ఎక్సెటర్‌లో కౌన్సిల్, ఎనిమిది డిస్ట్రిక్టులు. ప్లిమత్, టోర్‌బే వేరు. డార్ట్‌మూర్, పొట్టి గుర్రాలు, క్లోవెల్లీలో కార్లుండవు. నాలుగేళ్ళ కిందట నేను ఎక్కడ ఊపిరి తీసుకున్నానో తనూ అక్కడే తీసుకుంటోంది. మా లీడ్ ముందుకు వంగి వింటోంది. ఇద్దరి మాటలూ ఒకటేనని ఈమె గమనిస్తే? ఈ పిల్ల ఉద్యోగంలో చేరి, రోజూ బ్రేక్‌రూములో కూర్చుని, ఎప్పుడో ఒకప్పుడు నోరు జారితే? ఈ భయం నిజమే. కానీ దానికి అడుగున ఇంకోటి ఉంది, అది రాయడానికే నాకు ముఖం చెల్లడం లేదు. ఈర్ష్య. మా లీడ్ ఆ అమ్మాయి వైపు చూస్తున్న చూపు నాలుగేళ్ళుగా నాది. ఆ డెవన్ నాది. నాది కానిదాన్ని ఇంకొకరు ముట్టుకుంటే నాకు మండింది.

నీ ప్రశ్నలేమైనా ఉన్నాయా అని మా లీడ్ నా వైపు తిరిగింది. నేను నవ్వుతూ అడిగాను. అక్కడ పల్లెల్లో కారు నడిపేటప్పుడు ఎదురుగా ఇంకో కారు వస్తే ఏం చేసేదానివి?

ఆ అమ్మాయి కొంచెం ఆలోచించి, ఎవరి ఎడమవైపుకు వాళ్ళు జరిగి పోతామని చెప్పింది.

జరగడానికి చోటు ఉండేదా అని మా లీడ్ మెల్లగా అడిగింది. చిన్నపిల్లలు కిందపడ్డప్పుడు దెబ్బ తగిలిందా అని అడిగే గొంతు అది. ఆ అమ్మాయి ఆమెను చూసింది, తర్వాత నన్ను చూసింది. నన్నే ఎక్కువసేపు చూసింది. ఈ ప్రశ్న ఎందుకు వచ్చిందో, ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో ఆమెకు అర్థమైందని నాకు తెలిసిపోయింది. నా పేరు ఎత్తుతుందని కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాను.

ఎత్తలేదు. తనెప్పుడూ డెవన్ వెళ్ళలేదని, ఆ రెండేళ్ళూ అబద్ధమని, హైదరాబాదులో చేసిన మూడేళ్ళు మాత్రం నిజమని ఇంగ్లీషులో నిదానంగా చెప్పింది. కావాలంటే ఇప్పుడే టెస్టు పెట్టండి, రాస్తానంది. మా లీడ్ కాగితాలు సర్దుకుంది. నిజం చెప్పినందుకు థాంక్స్, కానీ ఇలా మొదలైన మనిషిని తీసుకోలేనని చెప్పి లేచింది.

విజిటర్ బ్యాడ్జి తిరిగి ఇప్పించి గుమ్మం దాకా దిగబెట్టే పని నాది. పొడవాటి కారిడార్. ఆ అమ్మాయి నా పక్కన నడుస్తోంది. సగం దూరం పోయాక తల తిప్పకుండానే అంది.

"అక్కా, మాస్టారు నోట్స్‌ల ఈ రోడ్ల ముచ్చట లేకుండె గదా. మీకెట్ల తెలుసు?"

థాంక్యూ ఫర్ కమింగ్ అన్నాను. రోడ్లు జారుతున్నాయి, సేఫ్‌గా వెళ్ళండి అని కూడా అన్నాను. రెండూ ఇంగ్లీషులోనే. ఆమె బ్యాడ్జి బల్ల మీద పెట్టి, వంగి మళ్ళీ మంచు బూట్లు వేసుకుంది. లేసులు కట్టుకోవడానికి చాలాసేపు పట్టింది. నేను పక్కనే తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

తిరిగి వెళ్ళేసరికి మా లీడ్ గదిలో ఒక్కతే కూర్చుని ఉంది. నువ్వు లేకపోతే నేను మోసపోయేదాన్ని అంది. మరుసటి సోమవారం టీమ్ మీటింగులో అందరి ముందూ అదే చెప్పింది. ఎవరో చప్పట్లు కొట్టారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది. మధ్యాహ్నాలు బ్రేక్‌రూములో ఆమె డెవన్ గురించి చెబుతూనే ఉంది, ఇప్పుడు ఇంకా నమ్మకంగా, ఇంకా వివరంగా. అన్నం డబ్బా అలాగే ఇంటికి తెచ్చేదాన్ని. ఉద్యోగం పోతే పోనీ అనేంత ధైర్యం వచ్చిందని చెప్పను. ఆ చప్పట్లను మోస్తూ ఇంకో సోమవారం ఆ మీటింగుకు వెళ్ళలేనని మాత్రం తెలిసింది. చెప్పేస్తానంటే మా ఆయన, నీకేమైనా పిచ్చా అన్నాడు. తర్వాత కాసేపటికి, సరే చెప్పు అన్నాడు.

ఆ ఇంటర్వ్యూ అయిన మూడు వారాలకు, మంచు కరుగుతున్న ఒక ఉదయం, ఆమె గదిలోకి వెళ్ళి తలుపు వేశాను. అన్నీ చెప్పాను. మాస్టారి నాలుగు పేజీలు, లేని కంపెనీ, చంక దించని పాప. ఆ అమ్మాయిని నేనడిగిన ప్రశ్నకు జవాబు ఆమె దగ్గరే నేర్చుకున్నానని కూడా చెప్పాను. చెబుతున్నంతసేపూ ఆమె కిటికీలోంచి పార్కింగ్ లాట్ వైపు చూస్తూ ఉంది. కోప్పడుతుందని సిద్ధపడి వచ్చాను. కోప్పడితే తేలిగ్గా ఉండేది.

"అయితే ఈ నాలుగేళ్ళూ నేను ఎవరితో మాట్లాడాను?" అంది.

సారీ అన్నాను, అది ఆ గదిలో చాలా చిన్నగా వినిపించింది. ఆమె ఒక్కొక్కటే చెప్పింది. హెచ్.ఆర్. వాళ్ళకు నేనే వెళ్ళి చెప్పాలి, తను చెప్పదు. తన ఊరి గురించి ఇక నాతో మాట్లాడదు. ఇంకొకటి, ఆ అమ్మాయి టెస్టు అడిగింది కదా, పెట్టాల్సింది. నీకు పెట్టాను, ఆమెకు పెట్టలేదు. ఆమెను పిలువు, నువ్వే పిలువు అంది.

హెచ్.ఆర్. సంగతి ఎలా తేలిందో చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఉద్యోగం నిలిచింది, సీనియర్ హోదా పోయింది, ఆరు నెలలు ప్రొబేషన్ అన్నారు. నేను చేసినదానికి అది తక్కువే. మా లీడ్ ఇప్పుడు తన గదిలోనే భోజనం చేస్తుంది. బ్రేక్‌రూములో ఎదురైతే వాతావరణం గురించి మాట్లాడుతుంది, మర్యాదగా. ఆ భవనంలో ఆమె ఊరి పేరు వినేవాళ్ళు ఇక ఎవరూ లేరు. ఉన్న ఒక్కరినీ నేనే తీసేశాను.

ఆ అమ్మాయికి మాత్రం మా లీడ్‌కు నిజం చెప్పిన రోజే ఫోన్ చేశాను. కారులో కూర్చుని, అద్దాలు మూసుకుని చేశాను. నేనెవరో చెప్పాను, ఈసారి తెలుగులో. నా రెజ్యూమె కూడా అదే గరాజ్‌లో పుట్టిందని చెప్పాను. ఆమె ఊఁ కొడుతూ వింది, ఆశ్చర్యపడలేదు. మేడమ్ మళ్ళీ రమ్మంటున్నారని, టెస్టు రాసి పాసైతే ఉద్యోగం ఇస్తారని, ఆ రెండేళ్ళ సంగతి ఇక ఎత్తరని చెప్పాను. ఇది చెప్పేటప్పుడు నాకు కాస్త ఊపిరి ఆడింది, ఒప్పుకుంటున్నాను. ఆ పిల్లకు ఉద్యోగం వస్తే నా పాపం సగం తీరిపోతుందనుకున్నాను.

"మీ మేడమ్‌కు థాంక్స్ చెప్పున్రి అక్కా," అంది. "టెస్టు రాస్తే పాసయిత, నాకు ఎరకే. కానీ నేను రాను. మీరు అడిగిన ప్రశ్నకు నాకు కోపం లేదు, అబద్ధం చెప్పింది నేను. ఆ రోజు నన్ను గుమ్మం దాక తోలుకొచ్చిన్రు గదా. నేను మన మాట మాట్లాడితే మీరు ఇంగ్లీషుల జవాబిచ్చిన్రు. నా ముఖం తెల్వనట్టే నిలబడ్డరు. రోజూ మీ పక్కన కూసొని పని చెయ్యాల్నంటే నాతోని కాదు."

తప్పయిందమ్మా అన్నాను. సరే అక్కా, ఉంటా అని ఆమె ఫోన్ పెట్టేసింది. ఆ గొంతులో కసి లేదు. అంతకంటే ఆమెకు నాతో మాట్లాడాల్సింది ఏమీ లేదంతే.

కారు దిగి లోపలికి వెళ్ళాను. మా లీడ్ తలుపు తీసే ఉంది. ఆ అమ్మాయి రానందని చెప్పాను. ఆమె కళ్ళజోడు తీసి, ఎందుకట అని అడిగింది. వేరే ఉద్యోగం దొరికిందట అన్న మాట నా నాలుక చివరికి వచ్చేసింది, అడగకుండానే, ఎప్పటిలాగే. ఒక క్షణం దాన్ని అక్కడే పట్టుకుని నిలబడ్డాను. తర్వాత, ఆమె ఏమందో మొత్తం చెప్పాను.